గడప తొక్కించు కార్యాలయము

నిజామాబాదు జిల్లా వర్ని మండలమున వరినాట్లకు పోవు కూలి స్త్రీకి సర్కారు ఇల్లు మంజూరైనను, గోడలు లేచుటకు ముందే ఆమె కార్యాలయపు గడప పలుమార్లు తొక్కవలసి వచ్చును. 2024 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము భద్రాచలమున ప్రారంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకము 5 లక్షల రూపాయలను దశలవారీగా నొసగును; పునాది ముగిసి, ఫొటో తీసి, అధికారి ధ్రువీకరించిన పిమ్మటనే తొలి లక్ష ఖాతాకు చేరును. చేత సొమ్మున్నవారు ఆ జాప్యమును సహింపగలరు. లేనివారు వడ్డీకి అప్పు తెత్తురు. చదువెరిగినవారు కాగితమందలి దోషమును ఒక్కపూటలో దిద్దించుకొందురు; ఎరుగనివారు దినకూలిని కోల్పోయి మధ్యవర్తి నాశ్రయింతురు. ఈ విధముగా సమానత్వమునకై పుట్టిన పథకమే, అధికారుల ఆదరానాదరములచేత, పూర్వపు అంతరమును పెంచగలదు. కావున తిరస్కార కారణమును వ్రాసి యిచ్చుటయు, గ్రామముననే సందేహము తీర్చుటయు దయ గాదు, పేదల హక్కు.