ఆల్ఫా ఫై ఆల్ఫా

ఆల్ఫా ఫై ఆల్ఫా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నల్లజాతి కళాశాల విద్యార్థులు స్థాపించుకొన్న సోదర సంఘం. గ్రీకు అక్షరాలను పేరుగా పెట్టుకొనే ఇటువంటి సంఘాలను అక్కడ ఫ్రాటర్నిటీలు అంటారు. పలు కళాశాలలకు విస్తరించిన నల్లజాతి ఫ్రాటర్నిటీలలో ఇది మొట్టమొదటిది.

స్థాపన

20వ శతాబ్దపు తొలినాళ్ళలో న్యూయార్క్ రాష్ట్రం, ఇథాకాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు చాలా కొద్దిమంది. 1904-05లో చదివిన ఆరుగురు మరుసటి ఏడాది తిరిగి రాలేదు. తెల్లవారి సంఘాలలో వారికి చోటు లేదు. మిగిలినవారు చదువులో ఒకరికొకరు తోడుగా ఒక పఠన బృందంగా ఏర్పడ్డారు. అది సాహిత్య సమాజంగానే ఉండాలా, సోదర సంఘం కావాలా అన్న చర్చ తరువాత, 1906 డిసెంబరు 4న ఏడుగురు విద్యార్థులు ఈ సంఘాన్ని స్థాపించారు. వీరిని "ఏడు రత్నాలు" అని వ్యవహరిస్తారు.

సభ్యత్వం

సభ్యులు ఒకరినొకరు "బ్రదర్" అని పిలుచుకొంటారు. పట్టభద్రులకు వేరే శాఖలు ఉన్నందున చదువుతో ఈ బంధం ముగియదు. అమెరికా సుప్రీం కోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్ ఇందులో సభ్యుడు. మార్టిన్ లూథర్ కింగ్ 1952లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉండగా చేరాడు. ఈ సంఘం చొరవతో వాషింగ్టన్‌లో నిర్మించిన కింగ్ స్మారకం 2011లో ప్రారంభమైంది.

విమర్శలు

కొత్తగా చేరేవారిని బృందంగా పరీక్షించే "ప్లెడ్జింగ్" అనే ఆచారం పలు సంఘాలలో దెబ్బలకు, అవమానాలకు దారితీసింది. నల్లజాతి గ్రీకు అక్షర సంఘాలు 1990లో దీనిని రద్దు చేశాయి. అయినప్పటికీ రహస్యంగా కొనసాగిన సందర్భాలు ఉన్నాయి. కష్టపడి చేరినవాడే నిజమైన సోదరుడని కొందరు భావించడం ఇందుకు ఒక కారణం. ఒంటరి విద్యార్థులకు అండగా పుట్టిన సంఘానికి ఈ భావన విరుద్ధమని విమర్శకుల వాదన.