చక్కెర పలుకు, ద్రాక్ష ఉప్పు, విద్యుత్తు

జర్మనీలోని శాక్సనీ రాష్ట్రంలో ఫ్రైబర్గ్ అనే పాత వెండి గనుల ఊరు ఉన్నది. 1765లో అక్కడ స్థాపించిన గనుల విద్యాపీఠం నేటికీ నడుస్తున్నది. అక్కడి పరిశోధకులు తోటివారితో కలిసి 2012లో ఒక వింత ఫలితం ప్రకటించారు. లిథియం నియోబేట్ అనే స్ఫటికపు పొడిని నీటిలో కలిపి, మరిగించకుండా మాటిమాటికి కొద్దిగా వేడిచేసి చల్లార్చితే నీటిలోని ఇ. కోలై క్రిములు చచ్చినవి. బయటినుండి విద్యుత్తు ఇవ్వలేదు. తోటల లైన్లలో బతికిన మన తాతముత్తాతలకు నీటి జబ్బులంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు గనుక ఈ సంగతి మాకు ఆసక్తి కలిగించింది.

కొన్ని స్ఫటికాలలో ఒక కొస ధన విద్యుత్తు, ఎదుటి కొస ఋణ విద్యుత్తు ఉంటాయి. వేడి మారితే ఆ తేడా మారి, పైభాగాన విద్యుత్తు చేరుతుంది. క్రిములను చంపే పని అక్కడ మొదలవుతుంది. మనమెరిగిన చెరకు చక్కెర పలుకుకూ ఇట్టి రెండు కొసలు ఉన్నవి. కాని వాటిని తారుమారు చేయలేము. బయటి విద్యుత్తుతో దిక్కు తిప్పగలిగి, ఆ విద్యుత్తు తీసివేసినా తిరిగిన దిక్కునే నిలిచే వాటిని ఫెర్రోఎలెక్ట్రిక్ స్ఫటికాలు అంటారు. పేరులో ఇనుమున్నా వీటిలో ఇనుము ఉండనక్కరలేదు. అయస్కాంతపు పోలికతో వచ్చిన పేరది.

ఈ గుణాన్ని 1920లో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వాలసెక్ రోషెల్ ఉప్పులో మొదట కనుగొన్నాడు. ద్రాక్షసారా పీపాలలో పేరుకొనే మడ్డినుండి తీసే టార్టరేటు దానిలో సేంద్రియ భాగం. సోడియం, పొటాషియం ఖనిజ భాగం. నేటి సంకర స్ఫటికాలకు దీనిని పెద్దన్న అనవచ్చు. కొలిమి అక్కరలేదు, పటికబెల్లం కట్టినట్లే నీటినుండి పెరుగుతుంది. అదే లిథియం నియోబేటుకైతే 1,200 డిగ్రీలు దాటిన వేడి కావాలి.

అయితే రోషెల్ ఉప్పుకు ఈ గుణం సున్నాకు దిగువ 18 డిగ్రీలనుండి 24 డిగ్రీల వరకే. మన వేసవి పగటికి అది నిలువదు! పాత గ్రామఫోను పికప్పులలో ఈ ఉప్పునే వాడేవారు. ఉక్క, తేమ తగిలి అవి పాడయ్యేవి.

1956లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు గ్లైసిన్, గంధకికామ్లం కలిసిన స్ఫటికంలోనూ ఇదే గుణం చూశారు. దాని హద్దు 49 డిగ్రీలు. అంతవరకు అణువులు గాలికి వాలిన చెరకు ఆకుల వలె ఒకే వైపు మొగ్గుతాయి. హద్దు దాటితే తలా ఒక వైపు. స్ఫటికం కరగదు, లోపలి అమరిక మాత్రమే మారుతుంది. దీనినే దశామార్పు అంటారు. చల్లబడితే గుణం తిరిగి వస్తుంది. హద్దు దగ్గరపడేకొద్దీ వేడికి స్పందన పెరుగుతుంది. అందుకే దూరపు వేడిని పసిగట్టే సాధనాలలో దీనిని వాడారు. బలహీనతే పనికి వచ్చిందన్నమాట. కాని ఫ్రైబర్గువారి నీటిపాత్రలో ఈ రెండూ చక్కెర వలె కరిగిపోతాయి.

1978లో స్టుట్‌గార్ట్‌లో డీటర్ వేబర్ మిథైల్ అమోనియం, సీసం, అయోడిన్ కలిసిన సంకర స్ఫటికం వెలువరించాడు. 2009నుండి సూర్యవిద్యుత్ పలకలకై దీనిని పరీక్షిస్తున్నారు. ఇది నిజముగా ఫెర్రోఎలెక్ట్రిక్కేనా అన్న వాదులాట తెగలేదు. దీని ఒక దశామార్పు 54 డిగ్రీల వద్ద. మన ఎండలో ఇంటికప్పు మీది పలక అంత వేడెక్కడం కొత్తేమీ కాదు. అట్టి దినాన లోపలి స్ఫటికం పగలు ఒకసారి, చల్లబడ్డాక మరొకసారి రూపు మార్చుకొంటుంది.