గుండెమీద కూర్చున్నది ఎవరు?

‘పీడకల’ అనే మాటను మనం చాలా తేలికగా వాడుతున్నాము. పరీక్ష తప్పినట్లు కల వచ్చినా పీడకలే. పాము తరిమినట్లు వచ్చినా పీడకలే. కాని ఆ మాటను కొంచెం విప్పి చూడండి. సంస్కృతంలో ‘పీడ్’ అనే ధాతువుకు మొదటి అర్థం బాధించడం కాదు. నొక్కడం, అదమడం, పిండి రసం తీయడం. బాధ అనే అర్థం దాని వెంట వచ్చినది. కనుక పీడకల అంటే, మాటను బట్టి చూస్తే, మనిషిని అదిమిపట్టే కల.

ఇది మన ఒక్కరి ఊహే అయితే ఆశ్చర్యపడవలసిన పని లేదు. లాటిను భాషలో ఇటువంటి అనుభవాన్ని కలిగించే భూతానికి ‘ఇంక్యుబస్’ అని పేరు. మీద పడుకొనేవాడని అర్థం. గ్రీకులు ‘ఎఫియాల్టిస్’ అన్నారు, మీదికి దూకేవాడట. ఇంగ్లీషువారి ‘నైట్‌మేర్’లో ఉన్న ‘మేర్’ను మన విద్యార్థులు ఆడగుర్రం అనుకుంటారు. అది గుర్రం కాదు. నిద్రపోయేవాడి రొమ్ముమీద ఎక్కి కూర్చునే పిశాచానికి పాత జర్మానిక్ భాషలలో ఉన్న పేరు. తుర్కీవారి మాటకు నల్లగా వచ్చి అదిమేదని అర్థం. చీనావారు దయ్యం మంచాన్ని అదిమినదంటారు. మన పొరుగున తమిళులకు ‘అముక్కు పేయి’ ఉన్నది. అముకు అనే ధాతువు మనకూ కొత్తది కాదు. కెనడా తూర్పుకొసన న్యూఫౌండ్‌లాండ్ దీవిలో బెస్తవారు ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చున్నదని చెప్పుకొన్నారు. మన పల్లెలలో గుండెమీద దయ్యం కూర్చున్నదంటారు.

ఒకరి ముఖం ఒకరు ఎరుగని ఇన్ని జాతులవారు ఒకే అబద్ధాన్ని ఒకే విధంగా కల్పించినారంటే నమ్మడం కష్టం. అందరికీ కలిగిన అనుభవం ఒకటై ఉండాలి. ఆ అనుభవం ఇట్లా ఉంటుంది. తెల్లవారుజామున మెలకువ వస్తుంది. గది కనబడుతూనే ఉంటుంది. గోడ, కిటికీ, కొక్కేనికి తగిలించిన చొక్కా అన్నీ ఉన్నచోటనే ఉంటాయి. లేవబోతే కాలు కదలదు. అరవబోతే గొంతు పెగలదు. గదిలో ఎవరో ఉన్నారని తోస్తుంది. వారు దగ్గరకు వస్తున్నారని తోస్తుంది. ఆ పిమ్మట రొమ్ముమీద బరువు. కొన్ని క్షణాలు, మహా అయితే కొన్ని నిమిషాలు. ఉన్నట్లుండి వేలు కదులుతుంది, అంతా విడిపోతుంది. ఒళ్లంతా చెమటతో మనిషి లేచి కూర్చుంటాడు.

నంద్యాలలో పాఠాలు చెప్పుకొనే నావంటివాడు దీనికోసం పుస్తకాలు వెదకనక్కరలేదు. యాత్రికులకు నంద్యాల తొమ్మిది నందుల ఊరు, మహానందికి పోయే దారి. ఉద్యోగార్థులకు మాత్రం బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరుపడిన ఊరు. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి, ఇరుకు గదులలో మంచం పక్కన మంచం వేసుకొని, రాత్రి రెండు గంటలదాకా లెక్కలు చేసి, అయిదింటికే గడియారం మోగితే లేస్తారు. మధ్యాహ్నం భోజనం కాగానే ఒక గంట వెల్లకిల పడుకొంటారు. దయ్యానికి ఇంతకంటె అనుకూలమైన మకాం దొరకదు. ఎందువల్లనో ముందు చెప్పుతాను.

కొన్ని సంవత్సరాల క్రిందట ఆళ్లగడ్డ దగ్గరి పల్లెనుండి వచ్చిన ఒక అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరంలో నా తరగతిలో ఉండేది. ఛందస్సులో దిట్ట; గణవిభజన నోటితోనే చేసేది. ఆ అమ్మాయి నెలరోజులు కనబడలేదు. విచారిస్తే, వసతిగృహంలో రాత్రిపూట మూలుగుతున్నదని, ఎవరో ఆడమనిషి వచ్చి కాళ్లదగ్గర నిలబడుతున్నదని చెప్పినదట. గదిలోని తోటిపిల్లలు పడకలు మార్చుకొన్నారు. తల్లి వచ్చి గాలి సోకిందని ఇంటికి తీసుకొని పోయినది. అంత్రం కట్టించినారు; భూతవైద్యుడికి డబ్బు ముట్టినది; వేపమండల దెబ్బలు కూడా తగిలినవి. చదువు మాన్పించి పెండ్లి చేస్తే గాలి వదులుతుందని ఎవరో సలహా చెప్పినారు.

హాల్‌టిక్కెట్టు కోసం తండ్రితో కూడ వచ్చినప్పుడు ఆ పిల్ల నాతో అన్నది: “సార్, అందరూ కల వచ్చిందంటారు. నాకు కల కాదు సార్. పక్కమంచం అమ్మాయి దగ్గడం వినబడింది. వార్డెన్ మేడం గేటు తీసిన చప్పుడు కూడ వినబడింది. మేలుకొనే ఉన్నాను. పిచ్చిదాన్నంటారని చెప్పడమే మానుకున్నాను.”

ఆ పిల్ల చెప్పినదానిలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇంటివారు దయ్యమన్నారు, చదువుకొన్న స్నేహితురాళ్లు ఉత్త భ్రమ అన్నారు. అనుభవం నిజమైనదే, దానికి చెప్పుకొన్న కారణమే సరిగాలేదని ఆ పిల్లకు ఒక్కరూ చెప్పలేదు.

వైద్యులు దీనిని 1928 నుండి ‘స్లీప్ పెరాలిసిస్’ అంటున్నారు. ఆ పేరు పెట్టినవాడు లండనులోని నరాల వైద్యుడు విల్సన్. తెలుగులో ‘నిద్రాపక్షవాతం’ అని అనువదిస్తున్నారు గాని, నాకు ఆ మాట రుచించదు. పక్షవాతమంటే శరీరంలో ఒక పక్షం పడిపోవడం. వినగానే గుండె జారే మాట. ఇక్కడ ఏ పక్షమూ పడిపోలేదు. దేహమంతా కాసేపు నిలిచిపోయినది. అగ్నిస్తంభనం, జలస్తంభనం అనే మాటలు మనకు ఉండనే ఉన్నవి. ‘నిద్రాస్తంభనం’ అంటే సరిపోతుంది.

స్తంభన ఎట్లా జరుగుతుంది? 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు నిద్రలో ఒక విచిత్రమైన దశను గుర్తించినారు. మూసిన రెప్పల క్రింద కనుగుడ్లు అటూ ఇటూ వేగంగా కదలుతుంటాయి. ఆ సమయంలో లేపితే చాలమంది కల చెప్పుతారు. దానిని ‘రెమ్’ నిద్ర అంటారు. రాత్రి సుమారు తొంబై నిమిషాల కొకసారి ఇది వస్తుంది. తెల్లవారుతున్నకొద్దీ దాని నిడివి పెరుగుతుంది. ఈ దశలో మెదడు మేలుకొన్నంత చురుకుగా ఉంటుంది గాని, ఒంటి కండరాలు పూర్తిగా పట్టు వదులుతాయి. ఫ్రాన్సుదేశంలో లియాన్ నగరంలో జూవే అనే శాస్త్రవేత్త 1959లో దీనికి ‘విరోధాభాస నిద్ర’ అనే అర్థంవచ్చే పేరు పెట్టినాడు. శాస్త్రవేత్త అలంకారశాస్త్రంనుండి పేరు తెచ్చుకోవడం తెలుగు పంతులుకు సంతోషం కలిగించే విషయమే కదా!

ఈ పట్టు వదలడం రోగం కాదు, కాపుదల. కలలో పరుగెత్తేవాడు మంచం దిగి పరుగెత్తకుండా మెదడు క్రిందిభాగం వెన్నుపాముకు ఆజ్ఞలు పంపి కండరాలను కట్టివేస్తుంది. పిల్లులలో ఆ భాగాన్ని కొంచెం చెరిపి చూచినాడు జూవే. అవి నిద్రలోనే లేచి, లేని ఎలుకమీద పంజా విసిరినవి! ఈ కట్టుబాటుకు గాబా, గ్లైసిన్ అనే రెండు రసాయనాలు కలిసి పనిచేస్తాయని 2012లో కెనడాలోని టొరాంటోలో ఎలుకలపై చేసిన పరిశోధనలో తేలినది.

ఇక మిగిలినది సులభం. ఒక్కొక్కప్పుడు తెలివి ముందు వచ్చి, కట్టు తరువాత విడుతుంది. కన్ను తెరిచినాడు, కాలు ఇంకా నిద్రలోనే ఉన్నది. రెమ్ నిద్రలో రొమ్ము కండరాలుకూడ సడలి ఉంటాయి. ఊపిరిని నడిపించే భారం అంతా ఉదరవితానం మీదనే. అది తనపాటికి నడుస్తూనే ఉంటుంది. కాని బెదిరినవాడు గట్టిగా ఊపిరి పీల్చబోతే రొమ్ము మాట వినదు. ఆ వినకపోవడమే బరువుగా తోస్తుంది. ఆ దశలో మెదడులో భయానికి సంబంధించిన భాగంకూడ మేల్కొని ఉంటుంది. కారణం లేని భయం కారణాన్ని వెదకుతుంది. కల ఇంకా పూర్తిగా ఆరిపోలేదు. కొక్కేనికి వ్రేలాడే చొక్కా మనిషి అవుతుంది. గుండెమీద కూర్చున్నది ఎవరయ్యా అంటే, మన నిద్రే.

మన వేదాంతులు జాగ్రత్తు, స్వప్నం, సుషుప్తి అని మూడు అవస్థలు చెప్పినారు. వాటి నడుమ గడపలు కూడ ఉంటాయి కదా! ఆళ్లగడ్డనుండి అహోబిలం వెళ్లిన ప్రతి పిల్లవాడికీ హిరణ్యకశిపుడి వరం కథ తెలుసు: పగలు కాదు, రాత్రి కాదు, లోపల కాదు, బయట కాదు. ఆ సంధిలోనే, గడపమీద, ఉగ్రరూపం కనబడినది. నేను తరగతిలో దీనిని చెప్పేటప్పుడు ఆ గడపనే ఉదాహరణగా చూపుతాను. పురాణానికి శాస్త్రార్థం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. పిల్లలకు సంధికాలం అంటే ఏమిటో వెంటనే అర్థమవుతుంది, అంతే.

సాహిత్యకారులు ఈ గడపను శాస్త్రజ్ఞులకంటె ముందే చూచినారు. స్విట్జర్లాండులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఫ్యూస్‌లీ అనే చిత్రకారుడు 1781లో వేసిన పటంలో నిద్రించే స్త్రీ రొమ్ముమీద ఒక మరుగుజ్జు పిశాచం కూర్చుని మనవైపే చూస్తుంటుంది. మెల్‌విల్ 1851లో ప్రకటించిన ‘మోబీడిక్’ నవలలో కథ చెప్పేవాడు చిన్ననాడు చీకటిలో మేలుకొని, కనబడని చేయి ఏదో తన చేతిని పట్టుకొని ఉన్నట్లు తోచి, వేలైనా కదల్చలేక పడివుంటాడు. మొపాసా కథ ‘ల హోర్లా’ 1887 నాటిది. అందులో రొమ్ముమీద ఎక్కి గొంతు నులిమే నిద్రానుభవం ఉన్నది.

ఇది ఎంతమందికి వస్తుంది? అంతకుముందు జరిగిన ముప్పై అయిదు పరిశోధనల లెక్కలను 2011లో అమెరికాలో ఇద్దరు కలిపి చూచినారు. సామాన్యజనంలో జీవితంలో ఒక్కసారైనా దీనిని ఎరిగినవారు నూటికి 7.6. విద్యార్థులలో 28.3! నలభైమంది ఉన్న తరగతిలో పదకొండుమంది అన్నమాట. వారిలో ఎందరు నోరు విప్పినారు? నిద్ర చాలకపోవడం, వేళ తప్పిన నిద్ర, మధ్యలో తెగిన నిద్ర, మనోవ్యథ దీనికి ద్వారాలు. జపాను పరిశోధకులు 1992లో నిద్రను కావలెనని మధ్యలో తెంపి, పరిశోధనశాలలోనే స్తంభనను తెప్పించినారు కూడ. వెల్లకిల పడుకొన్నవారికి ఇది ఎక్కువ. వసతిగృహాల దినచర్యను మరొకసారి జ్ఞాపకం చేసుకోండి.

భయానికి నమ్మకం ఎట్లా ఎరువు వేస్తుందో చెప్పే పరిశోధన ఒకటి 2013లో వెలువడినది. డెన్మార్కువాసులను, ఈజిప్టువాసులను పోల్చి చూచినారు. ఈజిప్టులో జిన్నుల పని అని నమ్మేవారు చాలమంది. డేనులకంటె ఈజిప్టువారికి స్తంభన తరచుగా రావడమే కాక, ఎక్కువసేపు ఉండినది. చచ్చిపోతామనే భయంకూడ వారికే ఎక్కువ. దయ్యమని భయపడితే నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే స్తంభన మళ్లీ వస్తుంది. మళ్లీ వచ్చినది కాబట్టి దయ్యమే అని రూఢి అవుతుంది. ఆ పిల్ల విషయంలో వేపమండలు చేసిన పని ఇదే.

నేను తండ్రికి ఈ సంగతులన్నీ చెప్పలేదు. రెమ్ నిద్ర ఆయనకెందుకు? పిల్ల కాళ్లూ చేతులూ నిద్రలేవడం ఒక నిమిషం ఆలస్యమవుతున్నదన్నాను. పది గంటలకు పడుకోమని, పక్కకు తిరిగి పడుకోమని, పడకవేళ మార్చవద్దని చెప్పినాను. పట్టు వచ్చినప్పుడు పెనుగులాడకుండా, ‘ఇది పోతుంది’ అని మనసులో అనుకొని, ఊపిరిని దానిదారిన వదిలి, కాలి బొటనవ్రేలిని గాని కంటిని గాని కదల్చమని పిల్లకు నేర్పినాను. కంటి కండరాలకు ఆ కట్టు లేదు. ఆయన కొంతసేపు ఆలోచించి, “అంత్రం తీసేయల్నా సార్?” అన్నాడు. అంత్రం ఉంచుకోవచ్చునని, బడి మాత్రం మాన్పించవద్దని అన్నాను. ఆ పిల్ల డిగ్రీ పూర్తి చేసినది. మధ్యలో మూడునాలుగు మార్లు వచ్చినదట గాని, కాళ్లదగ్గర నిలబడే ఆడమనిషి మాత్రం తిరిగి రాలేదు.

ఉపాధ్యాయులు ఒక్క విషయం గమనించాలి. పగలు ఆపుకోలేని నిద్ర పదేపదే కమ్మినా, నవ్వినప్పుడో కోపం వచ్చినప్పుడో మోకాళ్లు ఉన్నట్లుండి సడలిపోయినా అది వేరు. నార్కొలెప్సీ అనే నరాల వ్యాధి కావచ్చును. అటువంటి పిల్లలను వైద్యుడికి చూపించక తప్పదు. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలకూడ వచ్చినది.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక వృద్ధుడితో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన నవ్వినాడు. “నాకు పదారేండ్లప్పటినుంచీ ఉంది అయివారూ. రాయి చెక్కీ చెక్కీ వెల్లకిల పండుకుంటే రాయి మాదిరే అయిపోతాంటి. మా అవ్వ ఇనుముంటే దయ్యం రాదని నడుంకింద ఉలి పెట్టింది.” ఫలించినదా అని అడిగినాను. “ఫలించకేం! వెల్లకిల తిరిగితే ఉలి గుచ్చుకుంటాది. గుచ్చుకుంటే పక్కకు తిరుగుతా. ఇంగ దయ్యం యాడ కూసుంటాది?”