సిరా చుక్క, వెలుగు చుక్క

అచ్చుయంత్రానికి బూడిద రంగు తెలియదు. నల్ల సిరా పడుతుంది, లేదా పడదు. మరి ఫొటోలో నీడలు కాగితం మీదికెలా ఎక్కాయి? ఇంగ్లండులో టాల్బాట్ 1852లోనే పలచని గుడ్డను తెరలా అడ్డుపెట్టి బొమ్మను విడగొట్టే దారి చూపాడు. 1880 మార్చి 4న న్యూయార్కు ‘డైలీ గ్రాఫిక్’ ఒక మురికివాడ ఫొటోను ఆ తరహాలోనే వేసింది. అదే హాఫ్‌టోన్. ముగ్గులోలాగా చుక్కల మధ్య ఎడం సమానం, లావే వేరు. నీడకు లావు చుక్క, వెలుగుకు సన్న చుక్క. మిగతాది కన్నే కలిపేసుకుంటుంది.

ఈ తెరల లెక్కలను మెరుగుపరచి లండన్ ‘పెన్రోజ్’ వార్షిక సంచికల్లో వ్యాసాలు రాసినవాడు కలకత్తాలోని ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి, సత్యజిత్ రాయ్ తాత. ఆయన్ని పిల్లల కథకుడిగానే తలచుకోవడం నాకు అన్యాయమనిపిస్తుంది.

1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ తన మూణ్ణెల్ల కొడుకు ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు: అడ్డం 176, నిలువు 176 పిక్సెళ్లు, అంటే వెలుగు చుక్కలు. ఇవాళ్టి తెర మీద పిక్సెళ్లన్నీ ఒకే సైజు. మారేది వాటి వెలుగు. పైగా ఫైల్లో ఉన్నది పిక్సెళ్ల లెక్కే. అంగుళాలు అచ్చేసేటప్పుడు పుడతాయి.

చండ్రుగొండ లాంటి అడవి అంచు ఊళ్లో పెళ్లికి ఫ్లెక్స్ వేయించాలన్నా, కార్డు కొట్టించాలన్నా చాలామంది పంపేది వాట్సాప్‌లో వచ్చిన ఫొటోనే. దాని వెడల్పు 1600 పిక్సెళ్లనుకుందాం. చేతిలో పట్టుకు చూసే కార్డుకు అంగుళానికి 300 కావాలి. అంటే అయిదంగుళాల దాకా నిక్షేపంగా వస్తుంది. అదే ఎనిమిదడుగుల ఫ్లెక్స్ మీద పరిస్తే అంగుళానికి 17 కూడా రావు. ఒక్కో పిక్సెల్ ఒకటిన్నర మిల్లీమీటర్ల గడి అవుతుంది. దగ్గరికెళ్తే పెళ్లికొడుకు ముఖం గళ్లుగళ్లు. మామూలు చూపున్నవాడు సుమారు 17 అడుగులు వెనక్కి జరిగితే గళ్లు కలిసిపోతాయి. సెంటర్లో ఎత్తున కట్టిన ఫ్లెక్స్‌కు ఆ ఫొటో చాలు, పందిరి గుమ్మం దగ్గర చాలదు.

రంగుల సంగతి వేరు. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్ని కంట్లోకి పంపుతుంది. అచ్చులో నాలుగు సిరాలు చేసే పని దానికి తలకిందులు: కాగితం నుంచి వచ్చే వెలుగులో కొంత మింగేస్తాయి. అందుకే ఫోన్లో మెరిసిన చిలకపచ్చ చీర కార్డు మీద వడలిపోతుంది. తప్పు డీటీపీ కుర్రాడిది కాదు. ముందే ఫైలును సిరా రంగుల్లోకి మార్చి చూపించమంటే సరి.

ఎదురు పొరపాటూ ఉంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్స్‌ను అంగుళానికి 100 చొప్పున తయారుచేస్తే 4.6 కోట్ల పిక్సెళ్లు. ఆ ఫైలునే యథాతథంగా వెబ్‌లో పెడితే, 1080 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్ తెర కోసం సిగ్నల్ పలచనైన అడవి అంచున అంత బరువూ దించుకోవాలి.