రెండంతస్తుల పెళ్ళిబస్సు

నర్సీపట్నంలో పెళ్ళివారి బస్సు అనగానే కన్నులకు కట్టేది ఆర్టీసీనుంచి అద్దెకు తెచ్చుకొన్న బండి, దాని ముందద్దానికి మామిడాకులు, కిటికీలనిండా పిల్లల తలలు. అదే బస్సుకు పైన మరొక అంతస్తు ఉంటే! ఇంగ్లండులో ఆ ముచ్చట నేటికీ తీరుతున్నది.

లండను వీధులలో 1956లో ప్రయాణికులకోసం దిగిన రూట్‌మాస్టర్ బస్సులు మొత్తం 2,876 తయారైనవి. మొదటిరకం బండిలో పైన 36, క్రింద 28 సీట్లు. ఎక్కే చోట వెనుక తలుపే లేదు. 2005 డిసెంబరులో వాటిని మామూలు మార్గాలనుంచి తప్పించారు. అభిమానులు కొన్నిటిని కొని, తుప్పు గీకి, ఇంజను బాగుచేసి, ఎర్రరంగు వేసి బ్రతికించారు. అభిమానమొక్కటే డీజిలు పోయదు గదా! పెళ్ళివారిచ్చే అద్దె ఆ మరమ్మతులకు ఆసరా. బయలుదేరేముందు దారి చూచుకోవాలి; బండి ఎత్తు 14 అడుగుల పైచిలుకు. మన ఊళ్ళ చెట్టుకొమ్మలు, కరెంటు తీగల సంగతి వేరే చెప్పాలా?

హైదరాబాదులోనూ ఈ శతాబ్ది ఆరంభందాకా డబుల్ డెక్కర్లు తిరిగినవి. 1932లో 27 బస్సులతో మొదలైన నైజాం రవాణాశాఖ నాటి ఆల్బియన్ బస్సునొకదానిని అక్కడ భద్రపరచినారు. విశాఖ సముద్రతీరానికి 2025లో విద్యుత్తుతో నడిచే రెండంతస్తుల బస్సులు వచ్చినవి. నర్సీపట్నం బడిపిల్లలకు అవి మరీ దూరం కావు. కాని అవి కొత్తవి. హైదరాబాదు పాత బండి నొకదానిని బాగుచేసి ఎవరైనా పెళ్ళికి అద్దెకిస్తే, మగపెళ్ళివారికన్న ముందే ఎక్కి పై అంతస్తు ముందుసీటులో కూర్చుందును.