మన పేరు ఏ టేబుల్లో ఉన్నాదో తెలవదా? కంప్యూటర్నే అడగండి!

మా ఊరి అప్పొకావిడకి కరువు పని కూలి పడలేదు. జాబ్ కార్డులో పేరు ఒకలాగుంది, ఆధార్‌లో ఇంకోలాగుంది. ఆఫీసులో సరిచేసినారు. అయినా పడలేదు. నాను ఎల్లి అడిగితే, కంప్యూటరు ముందున్న కుర్రోడు "ఇంకే టేబుల్లోనో పాత పేరు ఉండిపోనాదండీ, ఎక్కడో మాకు తెలవదు" అనీసినాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆళ్లకి తెలవకపోవచ్చు. డేటాబేస్‌కి మాత్రం తెలుసు.

వంటింట్లో ఏ డబ్బాలో ఏటున్నాదో అమ్మకి తెలిసినట్టే, ప్రతి డేటాబేస్ తన టేబుళ్ల పేర్లు, వాటిలోని కాలమ్‌ల పేర్లు తనలోనే రాసి పెట్టుకుంటాది. దాన్నే సిస్టమ్ కేటలాగ్ అంటారు. మామూలు డేటాని ఏ భాషలో అడుగుతామో, ఈ చిట్టాని కూడా ఆ భాషలోనే అడగగలగాలని ఎడ్గార్ కాడ్ 1985లోనే నియమం పెట్టినాడు.

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో ఆ చిట్టా 'ఇన్ఫర్మేషన్ స్కీమా'లోని 'కాలమ్స్'లో ఉంటాది. ఒరాకిల్‌లో 'ఆల్ ట్యాబ్ కాలమ్స్'. అడిగేది ఒక్క వాక్యమే: కాలమ్ పేరు ఫలానా అయితే, ఆ టేబుల్ పేరు సెప్పు.

ఇక్కడ మూడు మెలికలున్నాయి. ఒకటి, ఆధార్‌ని ఒక్కొక్కడు ఒక్కోలా రాస్తాడు. అందుకే పూర్తి పేరు కాకుండా 'లైక్' పెట్టి ఏ-డి-హెచ్ అక్షరాలు వెతకాలి. 'యూఐడీ' అనీ వేరేగా వెతకాలి. అది యూజర్ నంబరు కూడా కావొచ్చు, తెరిచి సూడాలి. రెండు, పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా రాకుండా 'లోయర్' వాడాలి. మూడు, మన లాగిన్‌కి అనుమతి లేని టేబుళ్లు ఆ జాబితాలో రావు. కనబడలేదంటే లేదని కాదు.

ఇదంతా మనకెందుకంటారా? 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలికి ఆధార్ చెల్లింపే తప్పనిసరి చేసినారు. ఒక్క టేబుల్లో తప్పుంటే కడుపు మాడతాది. 2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ రిపోర్టు, ఆధార్ నంబర్లు బయటపెట్టిన నాలుగు సర్కారు పోర్టళ్లని సూపించింది. అందులో రెండు మన రాష్ట్రానివే: ఉపాధి హామీ చెల్లింపులది, చంద్రన్న బీమాది. ఎక్కడెక్కడ ఉన్నాదో లెక్క లేనోడు దేన్ని కాపాడతాడు?

శ్రీకాకుళం, విజయనగరం నుంచి హైదరాబాద్, బెంగళూరెల్లి సాఫ్ట్‌వేర్ చేస్తున్న మన పిల్లలు బోల్డంత మంది. మీ ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ పెట్టుకుని ఇది ఒకసారి చేసి సూడండి. ఊరొచ్చినప్పుడు పక్కింటోళ్ల తరపున అర్జీ రాయండి: "ఈమె పేరు, ఆధార్ ఏఏ టేబుళ్లలో ఉన్నాయి? అన్నింట్లోనూ సరిచేసినారా?"

ఒక్క వాక్యంతో తేలే పనికి "తెలవదు" అంటే ఇంక ఊరుకోకండి. అప్ప కూలి ఇప్పటికీ పడలేదు.