స్క్రాబుల్ పదాలలో అన్యదేశ్యాలు: వర్ణక్రమం – విలువ

స్క్రాబుల్ ఆటలో పదానికి అర్థం తెలియనక్కరలేదు. ఆమోదిత పదసూచిలో ఆ రూపం ఉంటే చాలు. న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ విజేత కావడం ఇందుకు ప్రబల నిదర్శనం. అయితే ఆటగాళ్లు కంఠస్థం చేసే అరుదైన ఆంగ్ల దీర్ఘపదాలను అర్థంతోనూ పుట్టుకతోనూ కలిపి పరిశీలిస్తే, వాటి అధిక విలువకు భాషాపరమైన కారణం కనిపిస్తుంది.

ఆటను రూపొందించిన అమెరికా వాస్తుశిల్పి ఆల్ఫ్రెడ్ బట్స్, వార్తాపత్రికలలో అక్షరాల వాడుకను లెక్కించి విలువలు నిర్ణయించాడు. ఆంగ్లంలో ‘ఇ’ బిళ్లలు 12, ఒక్కొక్కటి 1 పాయింటు. ‘క్యు’, ‘జెడ్’ ఒక్కొక్కటే, విలువ 10. ఈ అరుదైన అక్షరాలు ఒకే పదంలో కలిస్తే అది తరచుగా అన్యదేశ్యమే.

‘కసీక్’ అంటే కరీబియన్ దీవులలోని తైనో జాతి నాయకుడు. స్పానిష్ మీదుగా ఆంగ్లంలోకి వచ్చింది. దీని బహువచన రూపంతో 1982లో మాంచెస్టర్‌లో కార్ల్ ఖోష్నా ఒకే ఎత్తులో 392 పాయింట్లు సాధించాడు. అక్షరాల మొత్తం 28. ‘క్యు’ రెట్టింపు గడిలో పడి 38. పదం విలువను మూడింతలు చేసే గడులు రెండు కలిసి 9 రెట్లు, అంటే 342. ఏడు బిళ్లలూ ఒకేసారి వాడినందుకు మరో 50. ఈ పదాన్ని నడుమ ‘జెడ్’కు బదులు ‘సి’తో రాసే రూపమే ఎక్కువ ప్రసిద్ధం. అదే స్థానంలో ఆ రూపం పెడితే వచ్చేది 329. 63 పాయింట్ల తేడా కేవలం వర్ణక్రమ వైకల్పికానిది!

రష్యన్ రైతును సూచించే ‘ముజిక్’ పరిస్థితీ ఇంతే. అందులోని రష్యన్ ధ్వనికి ఆంగ్లలిపిలో ప్రత్యేకాక్షరం లేదు. అందువల్ల నాలుగు వర్ణక్రమాలు ఆమోదం పొందాయి. ‘జెడ్’, ‘జె’ పక్కపక్కన ఉన్న రూపానికి బహువచనం చేర్చి తొలి ఎత్తుగా వేస్తే 128 పాయింట్ల వరకు రావచ్చు.

తెలుగు ‘పందికొక్కు’ నుంచి వచ్చిన ‘బాండికూట్’ ఇందుకు భిన్నం. ఎలుక పేరుగా ఆంగ్లంలో చేరి, తరువాత ఆస్ట్రేలియాలోని సంచిజంతువుకూ పేరయింది. దూరం నుంచి వచ్చిన మాటే అయినా దాని ధ్వనులు ఆంగ్లలిపిలో సులువుగా ఇమిడిపోయాయి. తొమ్మిది అక్షరాలకూ కలిపి 14 పాయింట్లే. పైగా ఆటగాడి చేతిలో ఉండేవి ఏడు బిళ్లలే కనుక, కనీసం రెండక్షరాలు ముందే బల్లపై ఉంటే తప్ప పందికొక్కు బయటికి రాదు.